అంచు వెల, నిమిషము వెల



వరికోతల దినములలో కొడవలి పట్టినవారిని మీరందరు చూచియుందురు. మాటిమాటికి కమ్మరి కొలిమికి పోయి కక్కు పెట్టించుకొని వచ్చువాడు సాయంకాలమునకు సగము మడియైనను కోయలేడు. మొద్దుబారిన కొడవలితోనే పొద్దుగూకువరకు పెనగులాడువానికిని అదే గతి. ఈ యిద్దరికి నడుమ నొక చోటున్నది. అక్కడ కూలియు దండుగ కాదు, కొడవలియు దండుగ కాదు. ఆ చోటు ఊహకు అందదు, లెక్కకు అందును. ఉక్కును కోయు లేతు యంత్రము దగ్గర ఆ చోటును కనుగొనుట యెట్లో నేడు మనవి చేసెదను.

బడిలో పద్యములు చెప్పినవానికి యంత్రముల మాట యేల యని మీరడుగవచ్చును. నేను చేసిన యొక తప్పే దీనికి కారణము.

నా పాత శిష్యుడొకడు చిన్న లేతు కార్ఖానా నడుపుచున్నాడు. ఉక్కు కడ్డీలను కావలసిన కొలతకు చెక్కి యిచ్చుట అతని వృత్తి. సరకు వర్తకునిది, పని యితనిది. కడ్డీకి 175 రూపాయలు కూలి. "మాస్టారూ, కార్బైడు ఇన్సర్టులకే డబ్బంతయు పోవుచున్నది" అని యొకనాడు వాపోయెను. "నాయనా, వస్తువును పొదుపుగా వాడుకొనుము" అని పెద్దరికముగా చెప్పితిని. అతడు నా మాట మన్నించి యంత్రము వేగము తగ్గించెను. ఇన్సర్టులు చాలకాలము మన్నెను. కాని సంవత్సరాంతమున లేతును అమ్మివేయు తలంపుతో ఖాతా పుస్తకము చంకబెట్టుకొని మా యింటికి వచ్చెను. "పొదుపు చేసితిని, నష్టపోతిని, తప్పెక్కడ నున్నదో చెప్పుడు" అనెను. ఆ రాత్రి యిద్దరము దీపము దగ్గర కూర్చుండి లెక్క వేసితిమి.

ఈ లెక్కకు మూలపురుషుడు అమెరికా దేశీయుడైన ఫ్రెడరిక్ విన్స్లో టేలరు. ఆయన 1880లో ఫిలడెల్ఫియా నగరమందలి మిడ్వేలు ఉక్కు కర్మాగారమున లోహపు కోతను గూర్చి పరీక్షలు మొదలుపెట్టెను. ఇరువదియారు సంవత్సరములు ఆ పరీక్షలు సాగెను. వానికొరకు ఎనిమిది లక్షల పౌనుల లోహము పొట్టుగా రాలెను. ఫలితములను 1906లో అమెరికా యంత్రశిల్పుల సంఘమునకు అధ్యక్షోపన్యాసముగా సమర్పించెను. అందలి సారము ఒక చిన్న సూత్రము: కోత వేగము పెరిగినకొలది అంచు ఆయువు తగ్గును; కాని యీ తగ్గుదల సమానముగా గాక మిక్కిలి త్వరితముగా జరుగును.

కోత వేగమనగా నిమిషమునకు ఎన్ని మీటర్ల లోహము అంచును ఒరసికొని పోవునో ఆ కొలత. అంచు ఆయువనగా మొద్దుబారులోపల అది కోతలో గడపు నిమిషములు. కార్బైడు అంచునకు ఉక్కుపై స్థూలముగా నిట్లుండును: వేగము ఎన్ని రెట్లయిన, ఆ సంఖ్యకు వర్గము చేసి, ఆ వర్గమునకు మరల వర్గము చేసినంత మేర ఆయువు తరుగును. వేగము ఒకటిన్నర రెట్లయినచో ఆయువు ఐదవ వంతునకు దిగును. నా శిష్యుని పుస్తకములో సరిగా నిదియే కనబడెను. నిమిషమునకు 120 మీటర్ల వేగమున అంచు 81 నిమిషములు నిలిచినది. 180 మీటర్ల వేగమున 16 నిమిషములే నిలిచినది.

ఇక ఖర్చును విడదీయుదము. కడ్డీ కడ్డీకి అయ్యెడు వ్యయము మూడు భాగములు. మొదటిది కడ్డీని బిగించుట, విప్పుట, కొలుచుట. దీనికి 4 నిమిషములు. వేగముతో దీనికి సంబంధము లేదు. రెండవది కోత కాలము. మూడవది అంచు ఖర్చు.

మొదటి రెంటికిని నిమిషము వెల తెలియవలెను. కొట్టు అద్దె, విద్యుత్తు, పనివాని జీతము, యంత్రముపై తీర్చవలసిన అప్పు, అన్నియు కూడి అతనికి గంటకు 600 రూపాయలు, అనగా నిమిషమునకు 10 రూపాయలు అగుచున్నవి. యంత్రము తిరుగుచున్నను ఊరకున్నను ఈ పది రూపాయలు పోవుచునే యుండును. వీనికి రసీదు లేదు గనుక ఎవరి కంటికిని కనబడవు. ఇన్సర్టుకు రసీదున్నది, అందుచేత అదియే కంటిలో నలుసువలె బాధించును. మా యిద్దరి పొరపాటు ఇక్కడనే యున్నది.

ఇప్పుడు అంచు వెల చూతము. వెల కట్టవలసినది ఇన్సర్టునకు కాదు, అంచునకు. ఇన్సర్టు 320 రూపాయలు, దానికి నాలుగంచులు, ఒక్కొక్కటి 80 రూపాయలు. దానిని పట్టియుంచు హోల్డరు 4,000 రూపాయలు. నన్నూరు అంచులకు అది పనిచేయుననుకొన్నచో అంచునకు 10 రూపాయలు. అంచు మార్చి మరల కుదుర్చుటకు 3 నిమిషములు. అవి 30 రూపాయలు. మొత్తము అంచునకు 120 రూపాయలు. హైస్పీడు స్టీలు టూలు వాడువారు టూలు వెలను అది యెన్నిసారులు సానకు ఆగునో, మొదటి అంచుతో కలిపి, అన్ని భాగములు చేసి, ఒక్కొక్క సానకు అయ్యెడు కూలిని దానికి చేర్చుకొనవలెను.

ఇక మూడు వేగములను ప్రక్కప్రక్కన నిలుపుదము.

120 మీటర్ల వేగమున కడ్డీ కోత 12 నిమిషములు, 120 రూపాయలు. 81 నిమిషములు నిలుచు అంచులో ఆ కడ్డీ పాలు 17 రూపాయల 78 పైసలు. బిగింపునకు 40 రూపాయలు. వెరసి 177 రూపాయల 78 పైసలు. వచ్చునది 175 గదా! నా పొదుపు ఉపదేశము కడ్డీకి 2 రూపాయల 78 పైసల చొప్పున అతని యిల్లు కరగించుచుండెను.

"అట్లయిన పరుగెత్తింతుము" అని అతడు 180 చూపెను. కోత 8 నిమిషములే, 80 రూపాయలు. కాని 16 నిమిషముల అంచు రెండు కడ్డీలకే సరి. అంచు పాలు 60 రూపాయలు. బిగింపుతో 180 రూపాయలు. ఇది మొదటిదానికంటెను చెడ్డది.

నడిమి చోటు కనుగొనుటకు సూత్రమిది. కార్బైడునకు, పైన చెప్పిన వర్గవర్గ న్యాయము నిలిచినంతవరకు, కోత కాలపు ఖర్చు అంచు ఖర్చునకు మూడు రెట్లుండవలెను. మన అంచు 120 రూపాయలు. దానికి మూడు రెట్లు 360 రూపాయలు. నిమిషమునకు పది చొప్పున 36 నిమిషములు. అంచు 36 నిమిషములు నిలుచు వేగము సుమారు 147 మీటర్లు. ఆ వేగమున కోత 9.8 నిమిషములు, 98 రూపాయలు, అంచు పాలు 32 రూపాయల 66 పైసలు, బిగింపు 40. మొత్తము 170 రూపాయల 66 పైసలు. అదే యంత్రము, అదే ఉక్కు, అదే పనివాడు. నష్టము పోయి కడ్డీకి 4 రూపాయల 34 పైసలు మిగిలినవి.

చౌక ఇన్సర్టు మాట కూడ చెప్పవలెను. నూటికి ముప్పది తక్కువ వెలకు దొరకినదని యొకటి కొందురు. హోల్డరు పాలునకు కూడ ఆ తగ్గింపే వేసి చూచినను, అంచు వెల 120 నుండి 93కు దిగును. అది అంతే కాలము నిలిచినచో కడ్డీకి ఏడు రూపాయలు లాభము, సంతోషమే. సగము కాలమే నిలిచినచో అంచు పాలు 32 నుండి 50 రూపాయలు దాటును. ధాన్యము కారిపోవు గాదె కంతను విడిచి గింజ జారు సందును పూడ్చిన చందమిది.

రెండు హెచ్చరికలు. అంచు పూర్తిగా విరుగువరకు ఆగరాదు. విరిగిన అంచు కడ్డీని కూడ చెరచును, అప్పుడు సరకు వెలయు మీద పడును. మరియు వేగముకంటె ముందు కోత లోతును, టూలు జరుగుదలను యంత్రము ఓర్చినంత, పని నునుపు చెడనంత పెంచుకొనుడు. అంచు ఆయువును అన్నిటికంటె ఎక్కువగా హరించునది వేగమే.

ఈ అంకెలు అతనివి. మీవి వేరుగా నుండును. మీ కార్ఖానాలో రెండు వేగములను ఎన్నుకొని, ఒక్కొక్కదాన అంచు ఎన్ని నిమిషములు నిలిచినదో గోడమీద సుద్దతో వ్రాయుడు. నిమిషము వెలను, అంచు వెలను దాని ప్రక్కన వేయుడు. కూడిక, గుణకారము, భాగహారము వచ్చినవారికి తక్కిన పని ఒక గంట.

నా శిష్యుడు లేతును అమ్మలేదు. ఇప్పుడతని కొట్టు గోడపై అంచు 36 నిమిషములు, వేగము 147 అని సుద్దతో వ్రాసియున్నది. వస్తువును పారవేయకుండుట మాత్రమే పొదుపని నేను బడిలో ఎందరికో చెప్పితిని. కాలమునకు వెల కట్టని పొదుపు పొదుపు కాదని ఆ శిష్యుడు నాకు ముదిమిలో నేర్పినాడు.