ఎనిమిది లోకాలలో ఏది మేలు?

సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు, ఒక పాత విద్యార్థి వ్రాయదగిన విషయాలన్నీ కళ్ళ ముందు మెదిలినవి. యువత కర్తవ్యం, క్రమశిక్షణ, మాతృభాష. వాటిని గూర్చి నాకంటె బాగా వ్రాయగలవారు ఈ సంచికలోనే ఉంటారు. నాకు గట్టిగా తెలిసిన విషయం ఒకటే ఉన్నది. అది ఒక వీడియో గేము. అధ్యాపకులు నవ్వుకున్నా సరే, చివరిదాకా చదవమని మనవి.

1990ల నడుమ మా హుస్నాబాద్ కరీంనగర్ జిల్లాలో ఉండేది. 2016లో సిద్దిపేట జిల్లాలో చేరింది. బస్టాండు వెనుక సందులో ఒక షట్టరు గది, అందులో వీడియో గేములు ఆడించేవారు. అరగంటకు రెండు రూపాయలు. జపానులోని నింటెండో కంపెనీ 1983లో ఫ్యామికామ్ అనే యంత్రాన్ని తెచ్చింది. మా షట్టరు గదిలో ఉన్నది దాని నకలు. దానికి తగిలించినది చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి, దీనితో ముందు పని ఉన్నది.

మేము ఆడినది సూపర్ మారియో బ్రదర్స్ 3. 1988 అక్టోబరులో జపానులో విడుదలైంది. షిగెరు మియమొతో, తకాషి తెజుకా దీని రూపకర్తలు. దిమ్మెల మీద నుంచి దిమ్మెల మీదికి దుముకుతూ, గోతులు దాటుతూ సాగే ఆటలను ప్లాట్‌ఫారం గేములు అంటారు. మన వైకుంఠపాళిలో పాము మింగడం, నిచ్చెన ఎక్కడం గవ్వల చేతిలో ఉంటుంది. ఇందులో మన వేళ్ళ చేతిలో ఉంటుంది. తేడా అంతే.

1985లో వచ్చిన మొదటి సూపర్ మారియోలోనూ ఎనిమిది లోకాలున్నాయి కాని వాటికి పేర్లు లేవు, ఒకదానికొకటి పెద్ద తేడా లేదు. మూడవ ఆటలో ఒక్కొక్క లోకానికి ఒక పేరు, ఒక వాతావరణం, ఒక పటం ఇచ్చినారు. పచ్చిక, ఎడారి, నీరు, భారీకాయులు, ఆకాశం, మంచు, గొట్టాలు, చీకటి. ఇదీ వరుస. మొదటి ఏడు లోకాలకు ఏడుగురు రాజులు. శత్రువులు వారి మంత్రదండాలను ఎత్తుకపోయి, వారిని జంతువులుగా మార్చివేస్తారు. దండం తెచ్చి ఇస్తే రాజు మళ్ళీ మనిషి అవుతాడు. ఇంత ఆటా పట్టిన చోటు 384 కిలోబైట్లు. నేడు మీ జేబులోని ఫోను తీసే ఒక్క ఫోటోకు ఈ చోటు చాలదు.

ఇక ఏ లోకం మేలు? ఈ ప్రశ్న మీద నాకూ మా తమ్మునికీ మొదలైన పంచాయితీ ఇంకా తెగలేదు. నా కొలబద్ద ఆ బ్లాక్ అండ్ వైట్ టీవీ ఇచ్చినది. రంగులు లేని తెర మీద ఎడారి, మంచు, పచ్చిక అన్నీ బూడిద రంగే. కాబట్టి రంగు తీసివేసిన తరువాత కూడా "ఇది ఫలానా లోకం" అని మన వేళ్ళకు తెలియాలి. తెలిస్తే అది నిజమైన లోకం. తెలియకపోతే ఉత్త గోడకు వేసిన సున్నం. ఈ లెక్కన కింది నుండి పైకి నా వరుస చెబుతాను.

ఎనిమిదవ స్థానం నీటి లోకానికి. మాది మెట్ట ప్రాంతం. ఎండకాలం వ్యవసాయ బావిలో దుమికి ఈత నేర్చుకున్న మాకు ఇది నచ్చాలి. కాని పరుగు ఈ ఆటకు ప్రాణం. నీటిలో పరుగు పోతుంది, మీట నొక్కుతూ నొక్కుతూ మెల్లగా కదలాలి. పైగా ఒక పెద్ద చేప ఉన్నది. మన బొమ్మకు ఎంత బలమున్నా అది మింగిందంటే ఒక ప్రాణం పోయినట్టే. కప్ప వేషం దొరికితే మాత్రం ఈత హాయిగా ఉంటుంది.

ఏడవది గొట్టాల లోకం. గొట్టంలో దూరి ఎక్కడో తేలడం మంచి ఆలోచనే. అయితే దారి వెతకడమే ఎక్కువ, ఆడడం తక్కువ.

ఆరవది ఎడారి. ఊబి ఇసుక, సుడిగాలి ఉన్నా, చాలాచోట్ల ఇసుక రంగు తీసివేస్తే మొదటి లోకమే మిగులుతుంది. ఒక్క మినహాయింపు సూర్యుడు. ఒక దశలో తెర మూలన కోపంగా చూస్తున్న సూర్యుడు, బొమ్మ అనుకున్నవాడు, ఉన్నట్టుండి కిందికి దిగి మీద పడతాడు. అట్లాంటి భయం ఆటలో చాలా అరుదు.

ఐదవది మంచు. కళ్ళు మూసుకున్నా కాలు జారుతుంది కాబట్టి రంగు పరీక్షలో మంచుకు నూటికి నూరు. గడ్డకట్టిన నాణేలను నిప్పు విసిరి కరిగించడం చక్కని ఊహ. దశలు ఎక్కువై విసుగు పుడుతుంది, అందుకే ఐదు.

నాలుగవది చీకటి లోకం. యుద్ధ ట్యాంకులు, ఓడలు, ఎగిరే పడవలు. తెర తనంతట తానే కదులుతుంది, మనం ఆగడానికి లేదు. పటంలో వంతెన దాటుతుంటే కింది నుండి చేయి వచ్చి లోపలికి గుంజుతుంది.

మూడవది ఆకాశం. సగం పటం నేల మీద, సగం మేఘాల మీద. నడుమ ఒక గోపురం ఎక్కాలి. ఒక రాజ్యం రెండంతస్తులుగా ఉండడం మాకు గొప్ప వింత. ఎక్కి తిరగడానికి ఒక పచ్చని బూటు ఈ లోకంలోని ఒకే ఒక దశలో దొరుకుతుంది. మరెక్కడా దొరకదు.

రెండవది పచ్చిక. ఇది మంచి ఉపాధ్యాయుడు. తొలి దశలోనే ఒక ఆకు దొరికి బొమ్మకు తోక వస్తుంది. వెంటనే పరుగెత్తడానికి చదునైన నేల, పైన ఆకాశంలో నాణేలు. తోకతో ఎగరవచ్చునని ఎవరూ చెప్పరు, మనమే కనుక్కుంటాము. ఉపన్యాసం లేకుండా పాఠం చెప్పడం ఎట్లాగో అధ్యాపక మిత్రులు ఇక్కడ చూడవచ్చు.

మొదటి స్థానం నాలుగవదైన భారీకాయుల లోకానిది. కొత్త వస్తువు దాదాపు లేదు. పాత శత్రువులు, పాత ఇటుకలే బాగా పెద్దవైనవి. ఒక దశలో ఒక తలుపు దాటితే శత్రువులు చిన్నగా, మరొక తలుపు దాటితే పెద్దగా మారతారు. తెలిసిన ప్రపంచమే పరిమాణం మారితే కొత్తదవుతుందన్న సంగతి రంగులేని టీవీలో కూడా స్పష్టంగా కనిపించింది. పెద్దల నడుమ తిరిగే పిల్లవాని లోకం కూడా ఇంతే కదా.

మా తమ్ముడు దీనికి ఒప్పుకోలేదు. చిన్నప్పుడు వానికి ఎడారే మొదటిది. "సూర్యుడే మీదికి ఉరికొస్తడు అన్నా, గంతకన్న ఏం గావాలె?" అనేవాడు. దానికంటె పెద్ద తగాదా ఈలల మీద. ఈ ఆటలో మూడు మాయ ఈలలు దాచి ఉంచినారు. రెండు మొదటి లోకంలో, ఒకటి రెండవ దానిలో. ఒకటి ఊదితే లోకాలను దాటించే చోటికి పోతాము. అక్కడే రెండవది ఊదితే నేరుగా ఎనిమిదవ లోకమే. తమ్ముడు ఎప్పుడూ ఈలే ఊదేవాడు, నేను తిట్టేవాణ్ణి. వాని తప్పు కూడా లేదు. ఆ ఆటలో ఎక్కడిదాకా వచ్చామో దాచుకునే వీలు లేదు. మొదలుపెడితే ఒక్క కూర్చుండుడులో ముగించాలి. మా దగ్గర ఉన్నవి రెండు రూపాయలు. ఎప్పుడు పోతుందో తెలియని కరెంటు ఒకటి. పోయిందంటే మళ్ళీ పచ్చిక నుండే. ఈల ఊది చీకటి లోకానికి పోయినా, చేతిలో నాలుగు ప్రాణాలతో ట్యాంకుల దగ్గరే చచ్చేవాళ్ళం. అట్లా ఐదు, ఆరు, ఏడు లోకాలు మేము చూడనే లేదు.

2000లో ఇంటరు కాగానే తమ్ముడు దుబాయి పోయినాడు. బోర్లు ఎండినవి, బాపుకు అప్పులున్నవి. ఇద్దరిలో ఒకరే చదవగలిగే పరిస్థితి. చదువు మధ్యలో విడిచి ఈల ఊదుకున్నాడని అప్పుడు నేను ఎగతాళి చేసినాను. ఈ కళాశాలలో నేను చదివిన రెండేళ్ళూ హాస్టలు బిల్లు కట్టినది వాడు పంపిన డబ్బే. ఈ మాట ఎక్కడా వ్రాయలేదు, ఇక్కడ వ్రాస్తున్నాను.

2019లో పూర్తిగా తిరిగి వచ్చినప్పుడు వాడు కొడుకు కోసం నింటెండో స్విచ్ యంత్రం తెచ్చినాడు. అందులో ఆ పాత ఆట ఉన్నది. ఎక్కడిదాకా ఆడితే అక్కడ ఆపి దాచుకోవచ్చు. పెద్ద రంగుల టీవీ ముందు ఇద్దరం కూర్చొని, ఒక్క ఈల కూడా ఊదకుండా, ఎనిమిది లోకాలూ తొమ్మిది రాత్రులలో దాటినాము. పై వరుస అప్పుడు ఖాయమైనది.

ఆకాశ లోకపు గోపురం ఎక్కి మేఘాల మీదికి వచ్చినప్పుడు తమ్ముడు చిన్నపిల్లవాని వలె చప్పట్లు కొట్టినాడు. చివరి రాత్రి వాని వరుస అడిగినాను. ఆకాశం మొదటిది అన్నాడు. "మరి ఎడారి?" అన్నాను.

"గది ఆఖరుకు రాయి అన్నా. గా సూర్యుడు బొమ్మ గాదు. పద్దెనిమిదేండ్లు మీద పడ్డడు."

నా కొలబద్దలో లోపం అప్పుడు తెలిసింది. రంగు తీసివేసి చూడడం సరైన పరీక్షే, కాని ఆడినవాడు ఏ దారిన నడిచి వచ్చినాడో అది కొలవలేదు. అందుకని ఎడారిని ఆరు నుండి ఎనిమిదికి దింపాలా అని ఆలోచించినాను. దింపలేదు. అది ఆటకు న్యాయం కాదు. నా వరుస పక్కన వాని వరుస కూడా ఉండనీయడమే న్యాయం.

విద్యార్థి మిత్రులారా! అవసరం వచ్చినప్పుడు ఈల ఊదండి, అందులో సిగ్గు లేదు. అయితే ఎవరైనా ఈల ఊది పోతుంటే నా వలె నవ్వకండి. వాడు దాటిపోయిన లోకాలలో ఒకటి మీకోసమే విడిచిపెట్టి ఉండవచ్చు.