పారాచూట్ చిన్నదైతే ముప్పు.. పెద్దదైతే దారి తప్పు

గొల్లపల్లి (జగిత్యాల): రాకెట్‌ను నింగికి పంపడం ఒక ఎత్తు. దానిని చెక్కుచెదరకుండా నేలకు దించడం మరో ఎత్తు. ఇంజినీరింగ్ విద్యార్థులు అభిరుచితో రూపొందించే అధిక శక్తి రాకెట్లు కిలోమీటరుకు మించిన ఎత్తుకూ వెళ్తాయి. ఐదు కిలోల గొట్టం అక్కడి నుంచి నేరుగా పడితే ఇంటి కప్పుకైనా, పొలంలోని మనిషికైనా ప్రమాదమే. అందుకే పారాచూట్ పరిమాణాన్ని ఉజ్జాయింపుగా కాక లెక్కకట్టి నిర్ణయించాలి.

బరువే తొలి లెక్క

పారాచూట్ విచ్చుకున్న కొద్ది క్షణాలకే రాకెట్ బరువు, గాలి నిరోధం సమానమవుతాయి. అక్కడి నుంచి అది దాదాపు ఒకే వేగంతో దిగుతుంది. లెక్కలోకి తీసుకోవలసింది ఇంధనం మండిపోయాక మిగిలే బరువునే.

నేలను తాకే వేగం సెకనుకు ఆరు మీటర్లు ఉంటే, నిలువెత్తు మనిషి తల మీది నుంచి జారవిడిచినట్లే. తొమ్మిది మీటర్లయితే నాలుగు మీటర్ల ఎత్తు నుంచి పడేసిన దెబ్బ తగులుతుంది.

సూత్రం సులభమే. కిలోల్లో ఉన్న బరువును 9.8తో, ఆపై 2తో గుణించాలి. గాలి సాంద్రత (సుమారు 1.2), నిరోధ గుణకం (బల్లపరుపు గుండ్రటి గుడ్డకు సుమారు 0.75), వేగం యొక్క వర్గం.. ఈ మూడింటి లబ్ధంతో భాగించాలి. 5 కిలోల రాకెట్‌కు 6 మీటర్ల వేగానికి 3 చదరపు మీటర్ల గుడ్డ, అంటే 2 మీటర్ల వ్యాసం కావాలి. బరువు రెట్టింపైతే వ్యాసమూ రెట్టింపు కావాలనుకోవడం పొరపాటు. 10 కిలోలకు 2.8 మీటర్లు చాలు.

గాలివాటంతో చిక్కు

అలాగని మరీ పెద్దది కట్టినా ఇబ్బందే. కిలోమీటరు ఎత్తు నుంచి 6 మీటర్ల వేగంతో దిగేందుకు 167 సెకన్లు పడుతుంది. సెకనుకు 5 మీటర్ల గాలి వీస్తే రాకెట్ 830 మీటర్ల దూరం కొట్టుకుపోతుంది. దిగే వేగాన్ని సగానికి తగ్గిస్తే ఆ దూరం రెట్టింపవుతుంది. మామిడి తోటలు, వ్యవసాయ బావులు, విద్యుత్ తీగలున్న ప్రాంతాల్లో ఇది చిన్న విషయం కాదు.

దీనికి విరుగుడు రెండంచెల పద్ధతి. శిఖరం వద్ద చిన్న పారాచూట్ తెరుచుకుని 20 మీటర్ల వేగంతో దించుతుంది. 200 మీటర్ల ఎత్తులో పెద్దది విచ్చుకుంటుంది. అప్పుడు కొట్టుకుపోయేది సుమారు 365 మీటర్లే.

శ్రీహరికోట బాటలో

ఇస్రో అనుసరించేదీ ఈ సూత్రాన్నే. 2007 జనవరి 10న నింగికెగసిన 550 కిలోల ఎస్‌ఆర్‌ఈ-1 గుళిక, అదే నెల 22న అంచెలంచెలుగా తెరుచుకున్న పారాచూట్లతో సెకనుకు 12 మీటర్ల వేగానికి తగ్గి బంగాళాఖాతంలో దిగింది. గగన్‌యాన్ గుళికకు 25 మీటర్ల వ్యాసం గల మూడు ప్రధాన పారాచూట్లు అమర్చారు. 2025 ఆగస్టు 24న హెలికాప్టర్ నుంచి నమూనా గుళికను జారవిడిచి వీటిని పరీక్షించారు.

అనుమతి తప్పనిసరి

రాకెట్ ఇంధనానికి పేలుడు పదార్థాల చట్టం, ఎగరవేతకు విమానయాన నిబంధనలు వర్తిస్తాయి. అధికారుల అనుమతి, నిపుణుల పర్యవేక్షణ లేకుండా ప్రయోగానికి పూనుకోరాదు. ప్రయోగానికి ముందు రాకెట్‌ను తూకం వేసి, పారాచూట్ సక్రమంగా బయటకు వస్తున్నదీ లేనిదీ నేలపైనే పరీక్షించుకోవాలి.