కంటికి కనబడని గుమాస్తా

మరమనిషి అనగానే మీకు ఏం గుర్తుకొస్తుంది? ఇనుప చేతులు, ఇనుప కాళ్ళు, నుదుట వెలిగే దీపం! కాని ఈనాడు బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో, టెలిఫోను కంపెనీల్లో పనిచేస్తున్న ఒక రకం మరమనుషులకు చేతులూ లేవు, కాళ్ళూ లేవు. అసలు ఆకారమే లేదు. అవి కంప్యూటరులో నడిచే ప్రోగ్రాములు. గుమాస్తా చేసే పనిని గుమాస్తా చేసినట్లే చేస్తాయి. ఈ పద్ధతిని 'రోబోటిక్ ప్రాసెస్ ఆటోమేషన్' అంటారు.

'రోబో' అనే మాట చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన నాటకం నుంచి వచ్చింది. చెక్ భాషలో 'రోబోతా' అంటే వెట్టిచాకిరి. మన కనబడని గుమాస్తాకు ఈ పేరు బాగానే అతికింది. మనిషికి విసుగు పుట్టించే పనులనే దీనికి అప్పగిస్తారు మరి!

ఇది ఎలా పనిచేస్తుంది?

ఒకాయన సెల్‌ఫోను పోయిందనుకోండి. పాత నంబరు అలాగే ఉండాలి, సిమ్ కార్డు మాత్రం కొత్తది కావాలి. అప్పుడు ఫోను కంపెనీలో గుమాస్తా ఏం చేస్తాడు? అర్జీలో ఉన్న నంబరు చూస్తాడు. కంప్యూటరులో ఆయన ఖాతా తెరుస్తాడు. పాత కార్డు నంబరు తీసేసి, కొత్త కార్డు నంబరు ఎక్కిస్తాడు. బొత్తాం నొక్కుతాడు. తరవాత ఇంకో అర్జీ అందుకుంటాడు. రోజంతా ఇదే పని!

మన ప్రోగ్రాము కూడా ఇదే వరసలో పోతుంది. తెరమీది గడులను గుర్తిస్తుంది. ఒక గడిలోని అంకెలు చదివి మరో గడిలో నింపుతుంది. బొత్తాం నొక్కుతుంది. కంపెనీలో ఉన్న పాత ప్రోగ్రాములను విప్పి మార్చవలసిన అవసరం లేదు. మనిషి కూర్చునే కుర్చీలోనే ఇది కూర్చుంటుందన్నమాట.

బ్రిటన్‌లో టెలిఫోనికా ఓ2 అనే ఫోను కంపెనీ 2010లో సరిగ్గా ఈ సిమ్ కార్డుల పనితోనే ఇలాంటి ప్రోగ్రామును పరీక్షించి చూసింది. అదే పనిని మరో రకం కంప్యూటరు పద్ధతితోనూ చేయించి చూశారు. రెండూ పని చేశాయి! మరి దేన్ని ఎన్నుకోవాలి? పెట్టిన డబ్బు ఎన్నాళ్ళకు తిరిగి వస్తుందో లెక్క కట్టారు. రెండో పద్ధతికి మూడేళ్ళ దాకా పడుతుందని, మరమనిషికి 10 నెలలు చాలునని తేలింది. 2015 నాటికి అక్కడ 160కి పైగా మరమనుషులు నెలకు 4 నుంచి 5 లక్షల పనులు చేస్తుండేవి.

ఏది మంచిది?

ఈ ప్రోగ్రాములను తయారుచేసే సంస్థలు చాలా ఉన్నాయి. బ్లూ ప్రిజం 2001లో బ్రిటన్‌లో, ఆటోమేషన్ ఎనీవేర్ 2003లో అమెరికాలో, యూఐపాత్ 2005లో రుమేనియాలో పుట్టాయి. ఎవరి సరుకును వారు మెచ్చుకుంటారు. కొనేవాడు ఎలా తేల్చుకోవాలి? చిన్న లెక్క చేద్దాం.

ఒక కంపెనీ రెండు ప్రోగ్రాములకు చెరి వెయ్యి సిమ్ అర్జీలు ఇచ్చిందనుకోండి. మొదటిది వెయ్యీ పూర్తి చేసింది. కాని అందులో 10 తప్పులున్నాయి. రెండోది 940 మాత్రమే పూర్తి చేసింది, అన్నీ ఒప్పులే. మిగిలిన 60 అర్జీల్లో అంకెలు సరిగా లేవని, 'ఇవి నాకు అర్థం కాలేదు' అంటూ గుమాస్తాకు అప్పగించింది. ఏది మంచిది?

మొదటిదే అనిపిస్తుంది గదూ? తొందరపడకండి! ఆ 10 తప్పులు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. వాటిని పట్టుకోవాలంటే వెయ్యి అర్జీలనూ తిరగేయాలి. ఒక్కొక్కదానికి ఒక్క నిమిషం పట్టినా వెయ్యి నిమిషాలు, అంటే 16 గంటలకు పైనే. రెండోది మిగిల్చిన 60 అర్జీలకు మూడేసి నిమిషాలు పట్టినా 180 నిమిషాలు, మూడే గంటలు!

పట్టుకోకుండా వదిలేస్తే? మీ నాన్నగారి నంబరు పొరపాటున వేరేవారి కార్డుకు ఎక్కిందనుకోండి. బ్యాంకు పంపే రహస్య అంకెలు ఆ కొత్త మనిషికి చేరతాయి! మనిషి పొరపడితే ఒకచోట పొరపడతాడు. యంత్రానికి ఒక పొరపాటు నేర్పితే అదే పొరపాటును వేలసార్లు, విసుగు లేకుండా చేస్తుంది. అందుకే ఎంత వేగంగా పనిచేస్తుంది అన్నదానికన్నా, ఎక్కడ ఆగాలో తెలుసా అన్నది ముఖ్యం.

ఇంకా అడగవలసినవి

తెర మారితే ఏమవుతుంది? 'ఎడమ నుంచి ఇంత దూరంలో, పైనుంచి ఇంత దూరంలో నొక్కు' అని నేర్పిన ప్రోగ్రాము, బొత్తాం కాస్త పక్కకు జరగగానే తికమకపడుతుంది. బొత్తాన్ని దాని పేరుతో గుర్తుపట్టేది నయం.

చేసిన ప్రతి పనినీ రాసిపెడుతుందా? అలా రాస్తేనే తప్పు ఎక్కడ జరిగిందో వెనక్కి వెళ్ళి చూడగలం.

తాళం చెవులు ఎక్కడ దాస్తుంది? ఖాతాలు తెరిచే రహస్య పదాలు దానికి ఇవ్వక తప్పదు. అవి ఎవరికంటా పడకుండా ఉండాలి.

మొత్తం ఖర్చెంత? కొన్న ధర ఒక్కటే కాదు. ఏటేటా కట్టే రుసుము, పని నేర్పడానికయ్యే ఖర్చు, మరమ్మతులు, అన్నీ కలపాలి.

అసలు ఈ పని దీనికి తగినదేనా? అర్జీలు ఒకే తీరున ఉండి, నియమాలు స్పష్టంగా ఉండి, పని చాలా ఎక్కువగా ఉంటేనే లాభం. కోపంగా వచ్చిన మనిషికి నచ్చజెప్పడం దీనివల్ల కాదు. ఆ అరవై అర్జీలు చూడడానికి తెలివైన గుమాస్తా ఎప్పుడూ కావలసిందే. కంపెనీ ఎవరి పని తగ్గిస్తున్నదో, వారికి ఏ పని ఇవ్వబోతున్నదో కూడా ముందే ఆలోచించుకోవాలి.

చేసి చూడండి

మీ తరగతి హాజరు పట్టీ నుంచి వరసగా మూడు రోజులు రానివారి పేర్లు రాసే పనికి సూచనలు కాగితంమీద రాయండి. ఒక స్నేహితుణ్ణి మరమనిషిగా నిలబెట్టండి. రాసింది మాత్రమే చేయాలి, సొంత తెలివి వాడకూడదు! మధ్యలో ఆదివారం వస్తే? ఒకే పేరున్న వాళ్ళు ఇద్దరుంటే? అతను ఎక్కడ ఆగిపోయాడో, ఎక్కడ ఆగకుండా తప్పు చేశాడో గుర్తు పెట్టండి. ఆ రెండింటిలో ఏది దిద్దడం తేలికో మీకే తెలుస్తుంది.