‘నెచెర్’ శబ్దార్థ విచారము

సంస్కృతమున ‘దేవ’ శబ్దము దివ్ ధాతువునుండి, తెలుగున ‘వేల్పు’ హోమార్థకమగు ‘వేల్చు’ ధాతువునుండి ఏర్పడినవి. ఒకదానియందు ప్రకాశము, మరియొకదానియందు పూజాక్రియ మూలార్థములు. ప్రాచీన ఈజిప్టు భాషలోని దేవతావాచకమగు ‘నెచెర్’ శబ్దమును ఈ దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

ఆ లిపిలో అచ్చులు వ్రాయబడవు. న, చ, ర అను హల్లులే తెలియును. ‘ఎ’కారము పండితులు సౌకర్యార్థము చేర్చుకొన్నది. స్త్రీలింగము ‘నెచెరెత్’, బహువచనము ‘నెచెరు’. అర్చకుడు ‘హెమ్-నెచెర్’, అనగా దేవుని సేవకుడు. ఆలయము ‘హుత్-నెచెర్’, అనగా దేవుని గృహము. చిత్రలిపికి ‘మెదు-నెచెర్’, దేవుని పలుకులు, అని పేరు. పాలించుచున్న రాజునకు ‘నెచెర్ నెఫెర్’ అను బిరుదము కలదు; సద్గతి నొందిన మృతులకును ఈ శబ్దము వర్తించును. కావున దీని అర్థపరిధి మన ‘దేవుడు’ కంటె విశాలము. సమాసములలో చివర పలుకబడు ‘నెచెర్’ గౌరవసూచకముగా ముందు వ్రాయబడుట విశేషము.

ఈ శబ్దమును తెలుపు చిత్రము గుడ్డ చుట్టిన కఱ్ఱ, ధ్వజమును పోలినది. ధ్వజమునకును దైవమునకును గల ఇట్టి సంబంధము మన ప్రాంతమునను కానవచ్చును. ఇల్లందు, భద్రాచల అరణ్యసీమల కోయలకు ‘పడిగె’ అను వస్త్రపతాకము పూజ్యము. దానిపై వంశమూలపురుషుల, వేల్పుల గాథలు బొమ్మలుగా ఉండును. డోలీలు వానిని చూచి గానము చేయుదురు. తెలుగు ‘పడగ’కును ధ్వజమను అర్థము కలదు. కోయవారి యాచారము ఈజిప్టు చిత్రమునకు వ్యాఖ్యానప్రాయము: దైవమును సూచించుటకు విగ్రహమే కావలసిన పనిలేదు, కఱ్ఱకు కట్టిన వస్త్రము చాలును.

అయినను ఈ సామ్యము బాంధవ్యమునకు ప్రమాణము కాజాలదు. ‘నెచెర్’ను సంస్కృత ‘నేత్ర’, ‘నేతృ’ శబ్దములతో ముడిపెట్టవలెనని తోచవచ్చును. కాని నడిమి హల్లు తొలుత చకారసదృశము. తకారముగా మారినది తరువాతి కాలముననే. కాప్టిక్ భాషలో తుది రేఫ సైతము లోపించి ‘నూతె’ అయినది. క్రైస్తవులగు కాప్టులు తమ దేవునికి ఆ శబ్దమునే వాడిరి. పూర్వరూపము తెలిసినపుడు ‘నేత్ర’తో పోలిక నిలువదు. ‘నెచెర్’ వ్యుత్పత్తి నేటికిని అనిర్ణీతము. చిత్రము వ్రాతకు గుర్తే కాని ధాతువు కాదు. కావున ధ్వనిసామ్యమునుబట్టి భాషాబాంధవ్యమును ఊహించుటకంటె, ప్రయోగములను ప్రయోగములతో, ఆచారములను ఆచారములతో పోల్చుట పరిశోధకులకు శ్రేయస్కరము.