డీజిల్ మోటారుసైకిలుకు గవర్నరు అమరిక

పాల క్యాన్లను మోటారుసైకిలుకు రెండు పక్కలా కట్టుకొని సేకరణ కేంద్రానికి తెచ్చే సభ్యులు మనలో చాలామంది వున్నారు. పెట్రోలు ఖర్చు చూసినప్పుడు, "బావి దగ్గర వూరకే పడివున్న చిన్న డీజిల్ ఇంజను దీనికి బిగిస్తే పోలేదా?" అన్న ఆలోచన యంత్రాల పని కాస్త తెలిసినవారికి రావడం సహజమే.

ఈ ఆలోచన కొత్తది కాదు. ఎన్‌ఫీల్డు కంపెనీవారే 1990ల దశకంలో టారస్ అనే డీజిల్ మోటారుసైకిలును అమ్మారు. దాని ఇంజను 325 సి.సి.; శక్తి ఆరున్నర హార్స్ పవరు. వేగం తక్కువైనా లీటరు డీజిలుతో చాలా దూరం నడిచేది. ఉత్తరాదిలో పాలవాళ్ళు క్యాన్లు మోయడానికి దాన్ని వాడేవారు. పొగ నిబంధనలు కఠినమైన తరువాత 2000 ప్రాంతంలో దాని తయారీ ఆగిపోయింది. ఇంగ్లండు, జర్మనీ, అమెరికా దేశాల్లో ఔత్సాహికులు కొందరు నేటికీ పాత బుల్లెట్ చట్రంలో యాన్‌మార్, హాట్జ్, లోంబార్డినీ వంటి ఇంజన్లను ఇంటిదగ్గర బిగించుకుంటున్నారు. ఇవి జనరేటర్లకు, పంపులకు తయారైన ఇంజన్లు. బండి మీదికి ఎక్కించాక వాటితో వచ్చే మొదటి చిక్కు గవర్నరు దగ్గరే.

గవర్నరు ఎందుకు?

పెట్రోలు ఇంజనులో గ్రిప్పు తిప్పితే లోపలికి పోయే గాలి, దానితోపాటు పెట్రోలు పెరుగుతాయి. డీజిల్ ఇంజను గాలిని ఎప్పుడూ నిండుగానే పీల్చుకుంటుంది. మార్చగలిగింది డీజిల్ కొలతను మాత్రమే. ఆ కొలతను ఒకచోట బిగించి వదిలేస్తే ఇంజను నిలకడగా నడవదు. బరువు కాస్త తగ్గితే చుట్లు పెరుగుతూ పోయి ఇంజను పగిలేదాకా వస్తుంది. బరువు కాస్త పెరిగితే ఆగిపోతుంది. అందుకే డీజిల్ కొలతను క్షణక్షణం సరిచేసే కాపలాదారు కావాలి. అదే గవర్నరు. ఆవిరి యంత్రాలకు ఇటువంటి సాధనాన్ని జేమ్స్ వాట్ 1788లోనే అమర్చాడు.

దీని పని తీరు సులభం. ఇంజనుతోపాటు తిరిగే రెండు చిన్న బరువులు వుంటాయి. చుట్లు పెరిగితే వడిసెలలో రాయిలాగా అవి బయటికి లాగుతాయి. ఆ లాగుడు ఫ్యూయల్ పంపు రాడ్డును డీజిల్ తగ్గే వైపుకు నెడుతుంది. ఒక స్ప్రింగు దానికి ఎదురుగా, డీజిల్ పెరిగే వైపుకు లాగుతూ వుంటుంది. ఈ రెండు లాగుళ్ళూ సమానమైన చోట ఇంజను నిలబడుతుంది. స్ప్రింగును బిగిస్తే చుట్లు పెరుగుతాయి, వదులు చేస్తే తగ్గుతాయి.

గ్రిప్పు అడిగేది వేగాన్ని, డీజిలును కాదు

మోటారుసైకిలు గ్రిప్పు తీగను తెచ్చి ఈ ఇంజను స్పీడు లివరుకు తగిలిస్తే, గ్రిప్పు తిప్పినప్పుడు స్ప్రింగు బిగుస్తుంది. అంటే "ఇన్ని చుట్లు తిరుగు" అని ఆజ్ఞ ఇచ్చినట్లు. గవర్నరు ఆ ఆజ్ఞను తు.చ. తప్పకుండా పాటిస్తుంది. ఆ చుట్లు అందేవరకు నిండుగా డీజిల్ ఇస్తుంది, అందగానే కోసేస్తుంది. జనరేటరుకు ఇది మంచి గుణం. బండికి మాత్రం గ్రిప్పు కొద్దిగా తిప్పగానే ముందుకు దూకడం, కొద్దిగా వదలగానే వెనక్కు పట్టినట్లు ఆగడం జరుగుతుంది. తడి రోడ్డు మీద, క్యాన్లలో పాలు తొణుకుతున్నప్పుడు ఇది ప్రమాదం.

దీనిని తగ్గించే మార్గాలు:

1. ఇంజను వైపు లివరును కాస్త పొడవు చేయాలి. అప్పుడు గ్రిప్పు ఎక్కువగా తిరిగితేగాని స్ప్రింగు బిగియదు. చేతికి పట్టు దొరుకుతుంది.

2. గవర్నరును కొంచెం మెత్తబరచాలి. నిండు బరువు మీద 3600 చుట్లు తిరిగే ఇంజను బరువు తీసేస్తే 3780 తిరిగిందనుకోండి. తేడా 180, అంటే నూటికి 5. ఈ తేడా మరీ తక్కువైతే గవర్నరు దురుసుగా వుంటుంది. కొన్ని ఇంజన్లలో గవర్నరు చేతికి వరుసగా రంధ్రాలు వుంటాయి. స్ప్రింగు కొక్కెమును ఇరుసుకు దూరంగా వున్న రంధ్రంలోకి మారిస్తే ఈ తేడా పెరిగి నడక నెమ్మదిస్తుంది. అయితే పై చుట్లు కూడా మారతాయి గనుక వెంటనే కొలిచి సరిచేయాలి.

3. లివరుకు వెనక్కు లాగే స్ప్రింగు తప్పనిసరి. జనరేటరు ఇంజను లివరు పెట్టినచోటే నిలుస్తుంది. బండి మీద చెయ్యి వదిలితే ఇంజను తనంతట తానే ఐడిలుకు రావాలి.

4. తాళంచెవి తిప్పితే డీజిల్ ఇంజను ఆగదు. దీనిలో ఆపవలసిన స్పార్కు లేదు. డీజిలును పూర్తిగా కోసే లివరుకు వేరే తీగ కట్టి, చేతికి అందేచోట వుంచాలి.

ఇంజను హెచ్చుతగ్గులుగా "వూఁ... వూఁ" అని వూగుతూ వుంటే వెంటనే స్క్రూల జోలికి పోవద్దు. ముందు డీజిల్ గొట్టంలో గాలి, మూసుకుపోయిన ఫిల్టరు, బిగుసుకున్న పంపు రాడ్డు, అరిగి వదులైన కీళ్ళు చూడాలి. చాలాసార్లు దోషం వీటిలోనే వుంటుంది.

రెండు స్క్రూలు, రెండు పనులు

ఒక స్క్రూ గరిష్ఠ చుట్లకు హద్దు. మరొకటి నిండు బరువు మీద డీజిల్ కొలతకు హద్దు. తయారీదారు వీటికి సీలు వేసేది మనల్ని ఇబ్బంది పెట్టడానికి కాదు. బండి ఎత్తు ఎక్కడం లేదని చుట్ల స్క్రూ తిప్పితే లాభం లేదు. ఎత్తు మీద ఇంజను అప్పటికే ఆ హద్దుకు కిందనే తిరుగుతూ వుంటుంది. డీజిల్ స్క్రూ తిప్పితే కొంతవరకు బలం వస్తుంది; ఆ తరువాత వచ్చేది నల్లపొగ, వేడి, పిస్టను పట్టేయడం మాత్రమే.

చుట్లు పెంచడంలో వున్న అపాయం లెక్కవేసి చూడండి. తిరిగే వస్తువు మీద పడే లాగుడు చుట్ల వర్గాన్నిబట్టి పెరుగుతుంది. చుట్లు నూటికి 10 పెంచితే ఫ్లైవీలు మీద లాగుడు నూటికి 21 పెరుగుతుంది. 20 పెంచితే 44 పెరుగుతుంది. ఆ ఫ్లైవీలు తిరిగేది బండి నడిపేవాని కాళ్ళ మధ్య.

వేగం కావాలంటే దారి పళ్ళచక్రంలో వుంది. ముందు చక్రపు 16 పళ్ళను 18 చేస్తే, అవే చుట్లకు బండి వేగం నూటికి పన్నెండున్నర పెరుగుతుంది. ఎత్తు ఎక్కే బలం ఆ మేరకు తగ్గుతుంది. ఏది ముఖ్యమో మోసే బరువునుబట్టి నిర్ణయించుకోవాలి.

సరిచేసే క్రమం

ఇంజను బాగా వేడెక్కిన తరువాతనే కొలవాలి. చెవితో అంచనా వేయవద్దు, టాకోమీటరు వాడాలి. చెక్‌నట్టు వదులు చేసి, స్క్రూను పావుచుట్టు మాత్రమే తిప్పి, మళ్ళీ బిగించి కొలవాలి. ఇంకొక మనిషి ఆపే లివరు మీద చెయ్యి వుంచి నిలబడాలి. ఇంజను అదుపు తప్పితే డీజిల్ కోయాలి, డీకంప్రెషన్ లివరు ఎత్తాలి. ఆయిల్‌బాత్ ఎయిర్ క్లీనరులో నూనె ఎక్కువ పోస్తే ఇంజను ఆ నూనెనే పీల్చుకొని, డీజిల్ కోసినా పరుగెత్తవచ్చు. అప్పుడు గాలి లోపలికి పోయే దారిని చెక్కపలకతో మూయాలి. చేతిని మాత్రం అడ్డం పెట్టకూడదు.

చట్టం సంగతి

మన దేశంలో అనుమతి లేకుండా బండికి ఇంజను మార్చడం 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుకు విరుద్ధం. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది. అటువంటి బండితో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర కూడా చిక్కు వస్తుంది. కనుక రవాణా అధికారి అనుమతి లేనిదే ఈ పని రోడ్డు మీది బండికి చేయవద్దు.

మన ఇంజన్లకూ ఇదే పాఠం

బండి చేయకపోయినా గవర్నరు మన దగ్గర వుంది. బల్క్ కూలరు జనరేటరులో, చాఫ్ కట్టరు ఇంజనులో, పంపుసెట్టులో వున్నది ఇదే. 1500 చుట్ల జనరేటరు నిండు బరువు మీద 50 సైకిళ్ళ కరెంటు ఇస్తుంది. బరువు లేనప్పుడు 1560 చుట్లు తిరిగితే 52 సైకిళ్ళు అవుతుంది. అంతవరకు సహజమే. "కూలరు త్వరగా చల్లబడుతుంది" అని ఇంకా పెంచితే కంప్రెసరు మీద భారం పడుతుంది. మరీ తగ్గిస్తే మోటారు వేడెక్కుతుంది. పంపుసెట్టు చుట్లు నూటికి 10 పెంచితే నీరు 10 పెరుగుతుంది, కాని ఇంజను మీద భారం 33 పెరుగుతుంది.

గవర్నరు బలాన్ని పుట్టించదు, వేగాన్ని హద్దులో వుంచుతుంది. ఎద్దు బలం ముకుతాడులో లేదు గదా! సీలు తెగి వున్న ఇంజను మీ సంఘంలో వుంటే ఈ వారమే మెకానిక్కును పిలిపించి, చుట్లు కొలిపించి, మళ్ళీ సీలు వేయించండి. కొలిచిన చుట్లను, తేదీని ఇంజను పుస్తకంలో వ్రాసి వుంచండి.