పేరు లేని వాయుగుండము

అమెరికా దేశమున తుపానుల వెంట కార్లలో పరుగిడు ఔత్సాహికులు కలరనియు, తుపాను కంటిలోనికే విమానములను నడుపుకొనిపోవు సాహసికులు సైతము కలరనియు చదివినప్పుడెల్ల నాకు కొంచెము నవ్వు వచ్చును. ఏలయన తిరుపతిలో వానపిచ్చి గలవానికి అంత శ్రమ అక్కరలేదు. కార్తికమాసమున మిద్దె యెక్కి తూర్పు వైపు చూచుచు కూర్చున్న చాలును, తుపానే వెదకుకొనుచు వచ్చును.

ఈశాన్య ఋతుపవనములు వీచు అక్టోబరు, నవంబరు, డిసెంబరు మాసములలో బంగాళాఖాతమున అల్పపీడనము పుట్టుట, అది ముదిరి వాయుగుండమగుట, ఇంకను ముదిరినచో తుపానగుట పరిపాటి. గాలివేగము గంటకు 62 కిలోమీటర్లకు చేరిననే గాని దానికి పేరు పెట్టరు. 2020 నవంబరున నివర్, 2022 డిసెంబరున మాండూస్, 2023 డిసెంబరున మిచాంగ్: ఇట్లు పేరుతో వచ్చినవానిని చుట్టములవలె జ్ఞాపకముంచుకొనుచున్నాము. కాని నేను చూచినవానిలో మా ఊరిని మిక్కిలి బాధించినదానికి పేరే లేదు.

అది 2021 నవంబరు 18. పేరైనను పెట్టుకొనని వాయుగుండమేమి చేయగలదని నేనును మోసపోయితిని. మిద్దె మీద నిలుచున్న నా గొడుగునైన తిరగవేయలేని ఆ గాలి వెనుక ఎడతెగని జడివాన కురిసి, వీధులు వంకలై, స్వర్ణముఖి పొంగి, కొండపైకి పోవు కనుమదారులు రెండును మూతపడెను. 19వ తేదీ వేకువజామున వాయుగుండము పుదుచ్చేరికి, చెన్నైకి నడుమ తీరము దాటినది. దివిసీమ ఉప్పెన వచ్చిన 1977 నవంబరు 19కి సరిగా నలువది నాలుగేండ్లు! అక్కడ ముంచినది కడలి. ఇక్కడ ముంచినది కొండ.

కొండ యెట్లు ముంచుననగా: మన అర్ధగోళమున వాయుగుండము చుట్టును గాలి అపసవ్యముగా తిరుగును గనుక, దాని ఉత్తరపార్శ్వమున సముద్రపు గాలి తేమను మోసికొని నేల మీదికి వీచును. తిరుపతి ఆనాడు ఆ పార్శ్వముననే పడినది. ఆ గాలికి శేషాచలము అడ్డు నిలువగా, అది పైకెగసి, చల్లబడి, తన బరువంతయు అక్కడనే దింపుకొనెను. శిఖరములపై కురిసిన నీరు కపిలతీర్థము వంటి లోయలగుండ మరల మా మీదికే దిగెను. రామచంద్రాపురము మండలమందలి రాయలచెరువు కట్టకు నీరూటలు కానరాగా, దిగువ పల్లెలవారు ఇండ్లు విడువవలసివచ్చెను.

ఈ గాలుల మర్మమును శోధించు వేధశాల మాకు చేరువలోనే, చిత్తూరు దారిలో గాదంకియందు కలదు. మిద్దెలపై టెలివిజన్ కొరకు నిలిపిన ఏరియళ్ళవంటివి, జంటజంటలుగా 1024, ముప్పదిరెండేసి వరుసలలో నేల మీద నిలిచియుండగా, వానినుండి నింగికెగసిన రేడియో తరంగములు గాలిలోని సుడులను తాకి, అతిక్షీణమైన ప్రతిధ్వనులై మరలివచ్చి పైగాలుల వేగమును దిశను తెలుపును. కొబ్బరితోటవలె ప్రశాంతమైన ఆ స్థలమును చూచినవాడు, అది తుపానుల నాడి పట్టుచోటని యూహింపడు.

తీరము దాటిన దినముననే ఆ వాయుగుండము బలహీనపడెను. అది పాడుచేసిన శ్రీవారిమెట్టు నడకదారి భక్తులకు మరల తెరువబడినది 2022 మే నెలలో.