ఉప్పులో ఇనుము

అనంతపురం జిల్లాలో ఏటా పడు వర్షము సగటున 55 సెంటీమీటర్లు మాత్రమే. వాన లేని ఏట మొదట కనుమరుగగునవి ఆకుకూరలు, పాలు, పండ్లు. సంగటి, ఊరిమిండితోనే దినములు గడుచును. ఎంత కరవు వచ్చినను వంటింట తప్పనిది ఉప్పు. పేదయు, కలవాడును దీనిని ప్రతిదినము తిందురు. ఆహారమున కొరవడిన పోషకములను ఉప్పు ద్వారా అందించవచ్చునను ఆలోచన ఇందుండియే పుట్టినది.

1956లో కాంగ్రా లోయయందు, శ్రీకాకుళమున జన్మించిన డాక్టర్ వి. రామలింగస్వామియు, సహచరులును అయొడిన్ ఉప్పుతో పరిశోధన ఆరంభించి, గొంతువాపు వ్యాధి తగ్గునని నిరూపించిరి.

ఇక ఇనుము సంగతి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏండ్ల స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత కలదు. దీనికి ముఖ్యకారణములలో ఇనుపలోపము ఒకటి.

అయితే ఉప్పులో ఇనుము కలుపుట సులభము కాదు. ఫెర్రస్ లవణము తడిగాలి తగిలి ఫెర్రిక్ రూపమునకు మారును. ఉప్పు గోధుమవన్నెకు తిరుగును. అంతేకాక ఫెర్రిక్ ఇనుము అయొడైడును అయొడిన్‌గా మార్చును. అది ఆవిరియై పోవును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ దీనికి ఉపాయము కనుగొన్నది. సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ చేర్చినచో అది ఇనుమును పట్టి ఉంచి, అయొడిన్‌ను కాపాడును. టొరాంటో విశ్వవిద్యాలయమువారు ఇనుప రేణువులకు పూత పూయు మార్గము ననుసరించిరి. ఇట్టి ఉప్పు గ్రాములో సుమారు 1 మిల్లీగ్రాము ఇనుము ఉండును.

మరి విటమినులను ఉప్పులో ఏల కలుపరు? ఎ విటమిను కొవ్వులో కరుగును. వెలుతురు, గాలి తగిలిన చెడును. కనుక దానికి నూనె తగినది. సి విటమిను వంట వేడికి చాలవరకు నశించును.

ఇంతమాత్రమున ఉప్పు ఎక్కువ తినరాదు. రోజుకు 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆ 5 గ్రాములలో లభించునది 5 మిల్లీగ్రాముల ఇనుమే. అందులోను శరీరము గ్రహించునది కొద్దిభాగము. రాగులలోని ఫైటేటులు, టానినులు దానిని మరింత తగ్గించును. భోజనమున నిమ్మరసము చేర్చినచో ఇనుము బాగుగా ఒంటబట్టును.

పొట్లముపై ‘ఇనుము, అయొడిన్’ అను మాటలు చూచి కొనుడు. ఉప్పును మూతగల డబ్బాలో, తడి తగలకుండ ఉంచుడు. ఇట్టి ఉప్పు ఆకుకూరకు సాయమే గాని బదులు కాదు. పెరటిలో పారు నీటికి రెండు మునగ మొక్కలు నాటిన ఇల్లాలు ఈ శాస్త్రమును సగము ఆచరించినట్లే.